ముందు చెవులు, తర్వాత మెడ

పెద్దమ్మ సంవత్సరీకానికి తిరుపతి వెళ్ళినప్పుడు, భోజనాలు ముగిసి చుట్టాలు ఒక్కొక్కరే బస్టాండు దారి పట్టాక, గోడ అలమర సర్దే పని నా మీద పడింది. పాత పట్టుచీరలు, పంచాంగాల కట్ట, పెదనాన్న కళ్ళజోడు పెట్టె తీసి పక్కన పెడుతూ ఉంటే వాటి వెనుక నాలుగు పలకల బిస్కెట్ల రేకు డబ్బా కనిపించింది. మూత తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో కొద్దికొద్దిగా లేపవలసి వచ్చింది. మూత లేచిన క్షణాన తేనెమైనం వాసన గుప్పుమంది. దాని అడుగున పాత పట్టుదారం వాసన కూడా పలచగా ఉంది. పెళ్ళయి ఈ ఊరు విడిచిన తరువాత ఆ రెండు వాసనలూ కలిసి నాకు మరెక్కడా తగలలేదు. డబ్బాను ఒడిలో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో, బేరి వీధి నుంచి చీలిన సందులో ఉండేది పెద్దమ్మ ఇల్లు. ఎండాకాలం సెలవులు మొత్తం నేను అక్కడే గడిపేదాన్ని. పెద్దమ్మ ఇంట్లోనే పూసలు గుచ్చేది. గుమ్మానికి బోర్డు లేదు, అంగడి లేదు, లెక్కల పుస్తకం లేదు. అయినా పెళ్ళి కుదిరిన ఇంటివాళ్ళు పూసలు మూటగట్టుకుని వచ్చి, "సెట్టు చేసి పెట్టమ్మా" అని చేట ముందర కూర్చునేవారు. సెట్టు అంటే మెడలోకి దండ, చెవులకు జత లోలాకులు, చేతికి ఒక పేట, ఈ మూడూ ఒకే జాతి రాళ్ళతో, ఒక చేతి పనిగా కనిపించేటట్లు కుదరడం. ఆ చివరి మాట దగ్గరే అసలు శ్రమంతా ఉండేది. దారంలోకి పూస ఎక్కించడం ఎవరైనా చేయగలరు. ఏ పూస పక్కన ఏ పూస కూర్చోవాలో నిర్ణయించడానికి పెద్దమ్మకు ఒక్కొక్కసారి మూడు నాలుగు ఉదయాలు పట్టేది.

ఉదయాలు అనడానికి కారణం ఉంది. ఉత్తరం వైపు వసారాలో, ఎండ నేరుగా పడని వెలుతురులో మాత్రమే ఆమె రంగు చూసేది. గుడి మైకులో వేకువ పాటలు ఆగి, సందులోకి పాల సైకిలు గంట వినిపించి, యాత్రికులను ఎక్కించుకున్న జట్కాల గిట్టల చప్పుడు బజారు వైపు సాగిపోయే వేళకు ఆమె స్నానం, దీపం ముగించుకుని చేట ముందర కూర్చునేది. చేటలో పాత గొంగళి ముక్క, దాని మీద ఉతికిన తెల్ల పంచె ముక్క పరిచి ఉండేవి. గొంగళి వల్ల పూసలు దొర్లిపోవు, తెలుపు మీద రంగు తప్పు చెప్పదు. మూట విప్పి పూసలు పోసేటప్పుడు ముత్యాలు దాదాపు మౌనంగా జారేవి, గార్నెట్లు మాత్రం వడగండ్ల వానలాగా చిటపటలాడేవి. ఆ చప్పుడు వింటేనే వంటింట్లో ఉన్న నాకు ఏ రాయి వచ్చిందో తెలిసిపోయేది. మా ఇంట్లో గార్నెట్లను దానిమ్మ రాళ్ళు అనేవాళ్ళం. లాటిన్లో దానిమ్మకు ఉన్న పేరు నుంచే గార్నెట్ అనే మాట పుట్టిందని చాలా ఏళ్ళ తరువాత చదివినప్పుడు, మా వసారాలో కూర్చున్నవాళ్ళూ, ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్ళూ ఒకే పండును తలుచుకున్నారు కదా అని సంతోషం కలిగింది.

సైజు తేల్చడానికి ఆమె దగ్గర మూడు చిన్న ఇత్తడి జల్లెడలు ఉండేవి. జల్లెడ పట్టిన తరువాత కూడా ఆమెకు తృప్తి ఉండేది కాదు. ముడతల అట్ట ముక్క గాళ్ళలో ఒక వరుస పూసలు పేర్చి, కళ్ళను వాటి మట్టానికి దించి, ఒక చివర నుంచి మరొక చివరకు చూసేది. ఒక పూస వెంట్రుక వాసి ఎత్తుగా ఉన్నా వేలి కొనతో పక్కకు నెట్టేది. తరువాత రంగు. నలుపుకు దగ్గరైన ఎరుపు ఒక కుప్ప, వెలుతురుకు ఎత్తితే లోపల నిప్పు కనిపించే ఎరుపు ఒక కుప్ప, కొద్దిగా వంగపండు చాయ తగిలేది ఇంకొక కుప్ప. నాకు అన్నీ ఒకే ఎరుపుగా కనిపించేవి. మూడో వేసవిలో కాబోలు, ఒక ఉదయం హఠాత్తుగా ఆ తేడా నా కంటికి దొరికింది. ఆ తరువాత కూరగాయల అంగట్లో వంకాయలను కూడా నేను మామూలుగా చూడలేకపోయాను.

పూసలన్నీ కుప్పలు పడగానే నేను దారం అందించబోయేదాన్ని. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టేది. "ముందర చెవులు కుదరనీ మే, మెడ సంగతి తర్వాత చూద్దాం" అనేది. ఎవరైనా దండతోనే మొదలుపెడతారు, ఎందుకంటే పెద్ద వస్తువు అదే. పెద్దమ్మ పద్ధతి వేరు. దండలో నూరు పూసల మధ్య ఒక పూస తక్కువదైనా పక్కవి దాన్ని కాచుకుంటాయి. చెవుల దగ్గర కాచుకునేవాళ్ళు లేరు. ముఖానికి ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి ఒంటరిగా వేలాడుతూ, ఎదుటివాళ్ళ చూపు మొట్టమొదట పడే చోట ఉంటాయి. అందువల్ల మొత్తం రాశిలో కవలల్లాంటి జతను వెతికి, చిన్న కాగితంలో చుట్టి పక్కన పెట్టిన తరువాతే దండకు వచ్చేది. దండలో కూడా నడిమి పూసతో మొదలుపెట్టి, ఇటు ఒకటి, అటు ఒకటి పేర్చుకుంటూ మెడ వెనుకకు వెళ్ళేది. మిగిలినవాటిలో గట్టివి చేతికి. ఈ వరుస ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో నేను అడగలేదు.

చేతి పేటలో ముత్యాలు వేయడానికి ఆమె ససేమిరా ఒప్పుకునేది కాదు. ముత్యం మెత్తనిది. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ లెక్కలో ముత్యం 2.5కూ 4.5కూ మధ్య ఉంటుంది, గార్నెట్ 6.5 నుంచి 7.5 దాకా వస్తుంది. మామూలు దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7 ఉంటుంది. దుమ్ము పట్టిన ముత్యాన్ని పొడిగుడ్డతో తుడవడమంటే ఇసుకతో రుద్దినట్లే. ఈ అంకెలేవీ పెద్దమ్మకు తెలియవు. అయినా ముత్యాలను తడిపి పిండిన మల్లుగుడ్డతో అద్దడం తప్ప తుడవనిచ్చేది కాదు. చెయ్యి గిన్నెలకు తగులుతుంది, బస్సు కమ్మీలకు తగులుతుంది, చేతికి దానిమ్మ రాళ్ళే తట్టుకుంటాయని చెప్పేది. పువ్వులు, పౌడరు, సెంటు అన్నీ అయిన తరువాత ఆఖరున ముత్యాలు వేసుకోవాలి, ఇంటికి రాగానే మొట్టమొదట తీసేయాలి. ఇది ఆమె ప్రతి పెళ్ళికూతురికీ చెప్పి పంపే మాట.

ఏడాదికి రెండుసార్లు సరుకు కోసం మద్రాసు ప్రయాణం ఉండేది. 1996లో ఆ నగరం చెన్నై అయింది గానీ మా ఇంట్లో ఆ మాట చివరిదాకా మద్రాసే. తెల్లవారకముందే రైలెక్కి, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం దాటి దిగి, సౌకార్‌పేట సందుల్లోకి నడిచేవాళ్ళం. జైపూరులో సానపట్టిన రాళ్ళు పదహారు అంగుళాల దండలుగా, ఒక్కొక్కటి ఒక లైనుగా, కొక్కేల నిండా వేలాడుతూ ఉండేవి. హైదరాబాదు నుంచి వచ్చే ముత్యాల వ్యాపారులు కూడా అక్కడే తగిలేవారు. ఆరు మిల్లీమీటర్ల పూసలైతే లైనుకు 67 దాకా వస్తాయి, అందులో పెద్దమ్మ కంటికి ఆనేవి నలభై కూడా ఉండేవి కావు. అందుకే ఒక సెట్టుకు మూడు లైన్లు కొనేది. ముత్యాన్ని పంటి అంచున మెల్లగా రాసి చూసేది. నిజమైనదైతే సన్నటి ఇసుకలాగా గరుకు తెలుస్తుంది, గాజుదైతే జారిపోతుంది. రాయిని చెంపకు ఆనించి చూసేది. గాజు తొందరగా వెచ్చబడుతుంది, రాయి చల్లదనం కాసేపు నిలుస్తుంది. అప్పుడప్పుడే చైనా నుంచి బియ్యపు గింజల్లాంటి ముత్యాలు విరివిగా వస్తున్న కాలం అది. పాత ఇళ్ళవాళ్ళు తెచ్చే బస్రా ముత్యాలను, అంటే ఒకప్పుడు గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికినవాటిని, చేతిలోకి తీసుకునేటప్పుడు మాత్రం ఆమె ముందుగా చీరచెంగుతో చేతులు తుడుచుకునేది.

ఒకసారి మోసపోయింది కూడా. ఒక వ్యాపారి సాయంత్రం దీపాల వెలుతురులో చూపించిన ఎర్రరాళ్ళు అంతకుముందు ఎన్నడూ చూడనంత సమానంగా, అందంగా ఉన్నాయి. ధర కూడా తక్కువ చెప్పాడు. రైలుకు వేళ మించిపోతున్నదని పెద్దమ్మ తన నియమం తానే తప్పి అక్కడికక్కడే కొనేసింది. మరుసటి ఉదయం వసారాలో స్పిరిట్ అద్దిన దూది ఒక పూస మీద రాస్తే దూది గులాబీ రంగుకు తిరిగింది. రంగు పట్టించిన తెల్లరాళ్ళు అవి. ఎవరినీ తిట్టలేదు. ఆ లైన్లను కత్తిరించి, పూసలన్నీ నాకు ఆడుకోవడానికి ఇచ్చి, పెళ్ళివాళ్ళ డబ్బుకు తన డబ్బు కలిపి వారం లోపల మళ్ళీ మద్రాసు వెళ్ళి వచ్చింది. అన్నం తింటూ, "దీపం కింద కొన్న రాయి, పొద్దున లేస్తే వేరే రాయి" అని తనలో తాను అనుకున్నట్లుగా ఒక్కసారి మాత్రం అన్నది.

దారం సంగతి మరొక లోకం. పట్టుదారాన్ని రెండు పేటలుగా మడిచి, తేనెమైనం ముద్ద మీదుగా మూడు నాలుగుసార్లు లాగేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేడెక్కిన మైనం వాసన అప్పుడే వచ్చేది. డబ్బా తెరిస్తే నన్ను పట్టుకున్నది అదే. మైనం పట్టిన దారాన్ని కిటికీ కమ్మీకి కట్టి, కింద యాభై గ్రాముల తూకం రాయి వేలాడదీసి రాత్రంతా వదిలేది. పట్టు సాగుతుంది. ముందే సాగనీయకపోతే నెల తిరిగేసరికి దండలో పూసకూ పూసకూ మధ్య దారం బయటపడుతుంది. వేసవి రాత్రులు ఆ కిటికీ పక్కన పడుకుని, గాలికి రాయి మెల్లగా తిరగడం చూస్తూ నిద్రపోయేదాన్ని. పొద్దున దారం కొసను తుమ్మబంకలో ముంచి, వేళ్ళ మధ్య నలిపి ఆరబెడితే అదే సూదిగా గట్టిపడేది. ముత్యాల బెజ్జాలు చాలా సన్నవి, వాటిలో మామూలు సూది దూరదు.

ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయడం నేను నేర్చుకోవడానికి రెండు వేసవులు పట్టింది. ముడి వేయడం కష్టం కాదు, అది పూసకు ఆనుకుని పడడం కష్టం. దారాన్ని వదులుగా చుట్టి, ఆ చుట్టులోకి సూది మొన దూర్చి, సూదితోనే ముడిని పూస గొంతు దాకా జరుపుకుంటూ వెళ్ళి, అక్కడ సూది తీసి, అదే క్షణంలో లాగాలి. లాగడం ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే ముడి దూరంగా బిగుస్తుంది. బిగిసిన పట్టు ముడిని విప్పడం దాదాపు అసాధ్యం. మళ్ళీ మొదటినుంచి కట్టవలసిందే. ఒక్కొక్క ముడి సుమారు ఒక మిల్లీమీటరు తింటుంది కాబట్టి, ముడులు లేకుండా ఆరు మిల్లీమీటర్ల పూసలు 76 పట్టే పద్దెనిమిది అంగుళాల దండకు ముడులతో 65 చాలు. మరి ఇంత శ్రమ ఎందుకు అని అడిగితే పెద్దమ్మ సమాధానం చెప్పకుండా ముడులున్న పాత దండ ఒకటి తెచ్చి కత్తెరతో మధ్యలో కత్తిరించింది. ఒకే ఒక ముత్యం చేటలో పడింది. మిగిలినవన్నీ దారాన్ని పట్టుకునే ఉన్నాయి.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. అది తిరిగి గుచ్చే నెల. వీధిలో ప్రతి ఇంటి నుంచీ పాత దండలు వచ్చేవి. దారం కోసి, పాత దారాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, ఆ ఇంటావిడ అలవాట్లు చెప్పేది పెద్దమ్మ. పసుపు పచ్చబడితే స్నానానికి కూడా తీయదని, జిగురుగా ఉంటే సెంటు మెడ మీదే చల్లుకుంటుందని, కొక్కెం దగ్గర మాత్రమే నలిగితే విప్పకుండా తల మీదుగా లాగి తీస్తుందని. నూటికి నూరుపాళ్ళు సరిపోయేది. ప్రతి ఇంటి పూసలనూ లెక్కపెట్టి, తిరిగి గుచ్చేటప్పుడు మిగిలిన ఒకటి రెండు పూసలను కాగితం పొట్లంలో కట్టి డబ్బాలో వేసుకునేది. పొట్లం మీద పెన్సిలుతో ఒక గుర్తు రాసుకునేది. మనుషుల పేర్లు రాసేది కాదు. "తీర్థకట్ట వీధి, నీలం తలుపు", "పెద్ద కోడలు, చీమకుర్తి చెల్లెలు" అన్నట్లు రాసేది. రేపు ఏ పూసైనా పగిలినా, పోయినా అదే రాశిలోది ఇవ్వడానికి. వేరే రాశిలోని పూస ఎంత దగ్గరగా కుదిరినా అతుకు అతుకే అనేది.

నా పెళ్ళికి చేసిన సెట్టు రెండు పేటలది. పైపేట ముత్యాలు, కిందపేట దానిమ్మ రాళ్ళు. లోలాకులకు ముత్యం కింద ఒక దానిమ్మ రాయి బొట్టు. ఆ రాళ్ళు ఏరడానికి ఆమె వారం రోజులు కూర్చుంది. గార్నెట్ల బెజ్జాల అంచులు కొన్నిసార్లు గాజుపెంకు లాగా ఉంటాయి. ప్రతి పూసలోనూ పాత పట్టుదారాన్ని పది పన్నెండు సార్లు అటూ ఇటూ లాగి, దారానికి నూగు లేస్తే ఆ పూసను పక్కకు పెట్టేది. సగం పూసలు అయ్యేసరికి ముహూర్తం దగ్గరపడింది. నాకు తొందర. తోడిపెళ్ళికూతుళ్ళకు చూపించుకోవాలి, ఫోటోలు తీయించుకోవాలి. మిగిలినవాటికి పరీక్ష అక్కర్లేదు, కిందపేటకు ముడులు అక్కర్లేదు, గుచ్చేయమని పోరుపెట్టాను. పెద్దమ్మ చాలాసేపు నా వైపు చూసి, ఏమీ అనకుండా గుచ్చి ఇచ్చింది. ఆమె చేతిలో పని సగంలో పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే.

పెళ్ళయిన కొన్ని నెలలకు తిరుచానూరులో, అమ్మవారి గుడి బయట బస్సు కోసం నిలబడి ఉండగా కిందపేట తెగింది. మెడ దగ్గర ఏదో సన్నగా జారినట్లు అనిపించి చెయ్యి పెట్టేలోగా దానిమ్మ రాళ్ళన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి. అదే చిటపట. పువ్వులమ్మే ఆమె బుట్ట వదిలి వచ్చి నాతో పాటు మోకాళ్ళ మీద కూర్చుని ఏరింది. దొరికినవి రుమాలులో కట్టుకుని, ఏడుస్తూ, బస్సెక్కి బేరి వీధికి వచ్చాను. ఎనిమిది తగ్గాయి. పెద్దమ్మ మందలిస్తుందనుకున్నాను. డబ్బా తెరిచి, నా పొట్లం విప్పి, లెక్కపెట్టింది. సరిగ్గా తొమ్మిది ఉన్నాయి. పరీక్ష చేయని పూసలన్నిటినీ అప్పుడు పరీక్ష చేసింది. ఒకటి దారాన్ని కోసేస్తున్నది. దాన్ని తీసి పారేసి, తొమ్మిదీ కలిపి, ఈసారి ప్రతి పూసకూ ముడి వేసింది. సాయంత్రమైపోయింది, దీపం పెట్టే వేళకు కొక్కెం బిగించి నా మెడలో వేసి, వెనుక నుంచి భుజం మీద చెయ్యి ఉంచింది. ఆ దండ ఇప్పటికీ తెగలేదు.

అందుకే డబ్బాలో పొట్లాలన్నీ వెతికినా నాది లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మిగిలినవాళ్ళవి మాత్రం నలభైకి పైగా ఉన్నాయి. ఇప్పుడు సెట్లు గాంధీ రోడ్డు అంగళ్ళలో ప్లాస్టిక్ పెట్టెల్లో సిద్ధంగా దొరుకుతాయి. యంత్రం కోసిన పూసలన్నీ ఒకే కొలత, ఒకే రంగు. గుచ్చడానికి ఉక్కు తీగ వచ్చింది, అది అంత తేలిగ్గా తెగదు, సాగదు. మంచిదే. కానీ ఆ పూసలను ఎవరూ వరుసలో పేర్చి కళ్ళు దించి చూడనక్కర్లేదు, చెవుల జత కోసం మూడు ఉదయాలు వెతకనక్కర్లేదు. ఆ వెతుకులాట లేని సెట్టు నాకు ఎంత అందంగా ఉన్నా పరాయిదిగానే కనిపిస్తుంది.

రెండు రోజులు ప్రయాణం వాయిదా వేసుకుని పొట్లాలు పట్టుకుని వీధులు తిరిగాను. పెన్సిలు రాతలు చాలా వరకు చెరిగిపోయాయి. నీలం తలుపు ఉన్న చోట నాలుగంతస్తుల లాడ్జి ఉంది. చాలా ఇళ్ళు లాడ్జీలు, భోజనశాలలు అయ్యాయి. మొత్తం మీద మూడు ఇళ్ళు దొరికాయి. అందులో ఒక ఇంట్లో, "బావి పక్కిల్లు, పగడాలు" అని రాసిన పొట్లం ఇస్తే, ఎనభై దాటిన ఆ పెద్దావిడ దాన్ని అరచేతిలో విప్పి, రెండు పగడాలనూ వేలితో దొర్లించి, ఎవరు చేసిన దండ అని కూడా అడగకుండా లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. అందులో ఉన్న దండ దారం పసుపు పచ్చగా మారి, పూసల మధ్య బయటపడి ఉంది. కొక్కెం దగ్గర నలిగింది.

"తల మీంచి లాగి తీస్తారా అవ్వా?" అని అడిగాను.

ఆమె నవ్వి, "మీ పెద్దమ్మ కూడా అదే అడిగేది మే" అన్నది.

దండ అడిగి తెచ్చుకున్నాను. ఆ రాత్రి వసారాలో దారానికి మైనం పట్టించి, పాత కిటికీ కమ్మీకి కట్టి, డబ్బా అడుగున దొరికిన తూకం రాయిని వేలాడదీశాను.